ఆదినారాయణరావు గారి బాణీలు – మన సంఘం ముందున్న ఒక దరఖాస్తు

(సంఘ వార్షిక సర్వసభ్య సమావేశంలో విద్యా సహాయ ఉపసంఘం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



ప్రతి ఏడూ ఈ వేదిక మీద మా ఉపసంఘం లెక్కలు చదివి కూర్చోవడం ఆనవాయితీ. ఎంతమంది పిల్లలకు పుస్తకాలు కొన్నాము, ఎవరికి పాలిటెక్నిక్ ఫీజు కట్టాము, ఏ ఆడపిల్లకు కుట్టు మిషను ఇప్పించాము – ఇవే మేము చెప్పేది. ఆ లెక్కలు ఈ సావనీరు చివరి పేజీల్లో ఉన్నాయి, చూసుకోగలరు. ఈ ఏడు మాత్రం లెక్కలకు లొంగని విషయం ఒకటి మా ముందుకొచ్చింది. మూడుసార్లు కూర్చున్నాం. మూడుసార్లూ టీ తాగి, వాదించుకుని, తేల్చుకోకుండా లేచిపోయాం. చివరికి "మనలో మనం పోట్లాడుకోవడం దేనికి, సభలోనే పెట్టేద్దాం" అనుకున్నాం.

విషయం ఏమిటంటే, మన కుటుంబాల్లోని కుర్రవాడొకడు దరఖాస్తు పెట్టుకున్నాడు. పేరు చెప్పము. తండ్రి మోటారు మెకానిక్కు. కుర్రవాడు ఇంటరు పాసయ్యాడు. మన ఊళ్ళోనే ఒక ముసలి హార్మోనిస్టు గారి దగ్గర నాలుగేళ్ళుగా సాయంత్రాలు కూర్చుని స్వరాలు నేర్చుకున్నాడు. ఆయన ఒకప్పుడు పద్య నాటకాలకు వాయించినవారు. హిందువు. ఇన్నాళ్ళూ ఈ పిల్లవాడి దగ్గర ఒక్క పైసా తీసుకోలేదు. ఇప్పుడు కుర్రవాడు విజయనగరం సంగీత కళాశాలలో చేరతానంటున్నాడు. అక్కడ ఉండడానికి గది అద్దె, భోజనం ఖర్చు సంఘం ఇస్తుందా అని అడిగాడు. దరఖాస్తులో చివరి వాక్యం యథాతథంగా చదువుతున్నాం: "నాటకాలకూ సినిమాలకూ వరసలు కట్టడం నేర్చుకోవాలని నా కోరిక."

మాలో ఇద్దరు "ఇవ్వాలి" అన్నారు. ఇద్దరు "సంగీతానికి మన సంఘం డబ్బా?" అన్నారు. ఒకరు "వరసలు కట్టడమూ ఒక పనేనా?" అన్నారు. ఈ మూడో ప్రశ్నే మమ్మల్ని ఆలోచింపజేసింది. కాబట్టి దరఖాస్తు సంగతి కాసేపు పక్కన పెట్టి, వరసలు కట్టిన ఒకాయన గురించి మీకు చెబుతాము. ఆయన పాట వినని ఇల్లు నర్సీపట్నంలో లేదు. కాని ఆయన పేరు తెలిసినవారు ఈ సభలో చేతివేళ్ళకు మించరు.

మన ఊరు దాటి లంబసింగి మీదుగా చింతపల్లికి పోయే ఘాటీ రోడ్డు అందరం ఎక్కినదే. ఆ రోడ్డు తెల్లదొరల కాలంలో మన్యం వాళ్ళ రెక్కల కష్టంతో పడింది. కూలి సరిగా ఇవ్వకుండా గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ చేయించిన వెట్టిచాకిరీ మీద రగిలిన కోపమే అల్లూరి సీతారామరాజు పితూరీకి ఒక కారణం. 1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీసు స్టేషను, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి – మూడు రోజుల్లో మూడు స్టేషన్లు కొట్టి తుపాకులు పట్టుకుపోయారు. 1924 మే 7న రాజును కొయ్యూరులో కాల్చి చంపారు. సమాధి కృష్ణదేవిపేటలో ఉంది. ఇదంతా మనకు దూరపు చరిత్ర కాదు, మన పక్క ఊళ్ళ చరిత్ర.

ఇక్కడొక మాట మన పిల్లలకు తెలియాలి. పితూరీకి ముందు, రాజు మీద పోలీసులకు అనుమానం ఉన్న రోజుల్లో, ఆయన మీద ఆదరం చూపిన ప్రభుత్వోద్యోగి ఒక ముసల్మాను. పోలవరం డిప్యూటీ కలెక్టరుగా ఉన్న ఫజులుల్లా ఖాన్ గారు. పైడిపుట్టలో రాజుకు భూమి ఇప్పించింది ఆయనే. ఆ కథలో మనమూ ఉన్నాము.

ఆ కథను పద్మాలయా వారు కృష్ణ గారితో సినిమాగా తీశారు. తెలుగులో మొదటి సినిమాస్కోపు చిత్రం. చాలా భాగం ఈ పై చింతపల్లి అడవుల్లోనే తీశారు. షూటింగు బళ్ళు ఘాటీ ఎక్కుతుంటే బడి ఎగ్గొట్టి చూడ్డానికి పోయి, ఇంట్లో అబ్బాజాన్ చేత దెబ్బలు తిన్నవాళ్ళు మా ఉపసంఘంలోనే ఇద్దరున్నారు. 1974 మే 1న సినిమా విడుదలైంది. యాభై ఏళ్ళు దాటినా "తెలుగు వీర లేవరా" అన్న పాట ఇవాళ్టికీ ఆగస్టు 15కి మైకులో వినపడుతుంది. మన మదర్సా పక్కనున్న స్కూల్లోనూ వేస్తారు, మన పిల్లలూ వరసలో నిలబడి పాడతారు.

ఇప్పుడు మిమ్మల్ని ఒక ప్రశ్న అడుగుతాం. ఆ పాట రాసింది ఎవరు? శ్రీశ్రీ గారు. ఆ పాటకే ఆయనకు జాతీయ బహుమతి వచ్చింది. తెలుగు పాటకు ఆ బహుమతి రావడం అదే మొదలు. పాడింది ఎవరు? ఘంటసాల గారు, రామకృష్ణ గారు, బృందం. సినిమా విడుదలయ్యేనాటికి ఘంటసాల గారు లేరు, ఆ ఫిబ్రవరి 11నే కన్నుమూశారు. తెర మీద ఆడింది ఎవరు? అది చిన్నపిల్లలు కూడా చెబుతారు. మరి వరస కట్టింది ఎవరు?

చూశారా, సభ నిశ్శబ్దమైపోయింది.

ఆయన పేరు పి. ఆదినారాయణరావు. పెనుపాత్రుని వారు. అంజలీదేవి గారి భర్త అంటే వెంటనే తెలుస్తుంది. ఆయన సంగీతం పుట్టింది మద్రాసు స్టూడియోలో కాదండీ, కాకినాడ నాటకాల స్టేజీ మీద. యంగ్ మెన్స్ హ్యాపీ క్లబ్బు అని కాకినాడలో నాటక సమాజం ఉండేది. ఎస్.వి. రంగారావు గారు అక్కడ వేషాలు కట్టినవారే. ఆదినారాయణరావు గారు నాటకాలు రాశారు, ఆడించారు, వాటికి పాటలు కట్టారు. పెద్దాపురం నుంచి వచ్చిన అంజనీకుమారి అనే చిన్నపిల్లకు ఆటా పాటా నేర్పి స్టేజీ ఎక్కించారు. ఆ పిల్లే తరువాత ఆయన ఇల్లాలు, సి. పుల్లయ్య గారి "గొల్లభామ"తో 1947లో తెరకెక్కిన అంజలీదేవి.

నాటకానికి సంగీతం అంటే ఏమిటో ఇప్పటి పిల్లలకు కాస్త విడమర్చి చెప్పాలి. ఆ రోజుల్లో మైకుల్లేవు. పెట్రోమాక్సు లైట్లు, తడికల పందిరి, వెనక వరసలో బీడీ కాలుస్తూ కూర్చున్న రైతు. అతనికి పద్యం వినపడాలి. అందుకని శృతి హెచ్చుగా పెట్టేవారు. నటుడు పద్యం ఎత్తుకుంటే హార్మోనిస్టు అతని గొంతును పట్టుకుని పోవాలి. నటుడు రాగం తీస్తూ దారి తప్పితే, జనానికి తెలియకుండా స్వరం అందించి ఇవతలకు లాక్కురావాలి. జనం "వన్స్ మోర్" అంటే మళ్ళీ మొదటికి. వేషగాడి గొంతు బొంగురుపోతే ఆ రాత్రికి శృతి దించాలి. తెర లేవడం ఆలస్యమైతే పెట్టె మీదే పది నిముషాలు జనాన్ని కూర్చోబెట్టాలి. తెల్లవారేదాకా ఇదే పని. మరునాటికి ఇంకో ఊరు.

ఇంత చాకిరీ చేసే పెట్టెకు ఆ రోజుల్లో మర్యాద కూడా లేదు. 1940లో ఆలిండియా రేడియో వారు హార్మోనియం మన సంగీతానికి పనికిరాదని రేడియోలో నిషేధించారు. ఆ నిషేధం సడలడానికి 1971 దాకా పట్టింది. సంగీతం వాయించేవాణ్ణి చిన్నచూపు చూడడం మన పెద్దలకే ఉన్న అలవాటు కాదు. పండితులకూ ఉండేది. ఇది మనసులో పెట్టుకోండి.

ఆ స్టేజీ సంగీతంలో మన వాటా కూడా ఉంది. ధార్వాడ కంపెనీలూ పార్సీ కంపెనీలూ తెలుగు దేశంలో తిరిగి నాటకాలు ఆడినప్పుడు వాటితోబాటు హిందుస్తానీ మట్లు మన స్టేజీ మీదికొచ్చాయి. ఉస్తాదుల ఇళ్ళలో పుట్టి పెరిగిన రాగాలు హరిశ్చంద్రుడి నోట, కృష్ణుడి నోట పద్యాలై కూర్చున్నాయి. ఫలానా రాగం ఫలానా మతం వాళ్ళదని ఎవరూ టిక్కెట్టు కొనే ముందు అడగలేదు.

ఆ గాలిలో పెరిగిన మనిషి కాబట్టే ఆదినారాయణరావు గారి చేతిలో హిందుస్తానీ రాగాలు తెలుగు ఇంటి ఆడపడుచుల్లా తిరిగాయి. సినిమాలకు వచ్చి 1950లో "పల్లెటూరి పిల్ల"కు సంగీతం ఇచ్చారు. తరువాత అంజలీ పిక్చర్సు అని సొంత సంస్థ పెట్టుకుని 1953లో "పరదేశి", 1955లో "అనార్కలి", 1957లో "సువర్ణసుందరి" తీశారు.

"అనార్కలి" మన పెద్దవాళ్ళకు ఇష్టమైన సినిమా. మన వీధుల్లో ఒకప్పుడు ఆడపిల్లలను బురఖాల్లో గుంపుగా తీసుకెళ్ళి చూపించిన సినిమా అని మా ఉపసంఘం సభ్యుల తల్లులు చెబుతుంటారు. ఆ కథ కూడా స్టేజీ నుంచి వచ్చిందే. ఇంతియాజ్ అలీ తాజ్ గారు 1922లో లాహోరులో ఉర్దూ నాటకంగా రాశారు. అంటే ఇక్కడ చింతపల్లి స్టేషను మీద రాజు పడిన ఏడాదే. తెలుగు సినిమాలో అక్కినేని వారు సలీం, అంజలి అనార్కలి, రంగారావు గారు అక్బరు పాదుషా. కాకినాడ స్టేజీ మనుషులే మొగలు దర్బారు కట్టారన్నమాట. పాటలు ఘంటసాల, జిక్కి.

ఇక్కడ నిజం ఒకటి దాచకుండా చెప్పాలి. ఆ సినిమాలో జిక్కి గారి పాట ఒకటి 1953 నాటి హిందీ అనార్కలికి సి. రామచంద్ర గారు కట్టిన వరస మీద నడుస్తుంది. ఆ రోజుల్లో జనం హిందీ పాట తెలుగులో వినాలని కోరుకునేవారు, నిర్మాతలు ఇచ్చేవారు. కాని "రాజశేఖరా" అన్న పాట దగ్గరికొచ్చేసరికి అది ఎవరి దగ్గరా తెచ్చుకున్నది కాదు. దర్బారులో నర్తకి పాడుతున్నట్టే ఉంటుంది, మాట మాత్రం అచ్చ తెలుగు మాట. ఉర్దూ దర్బారు తీరును తెలుగు మాటకు నొప్పి తగలకుండా తొడగడం ఎంత కష్టమో, ఇంట్లో ఉర్దూ, బజార్లో తెలుగు మాట్లాడే మనకంటే ఎవరికి బాగా తెలుస్తుంది?

రెండేళ్ళకు "సువర్ణసుందరి". అందులో "హాయి హాయిగా" అని ఘంటసాల, జిక్కి పాడిన పాట ఉంది. ఒకే పాటలో సోహినీ, బహార్, జౌన్‌పురీ, యమన్ – నాలుగు రాగాలు. బహార్ అంటే వసంతమని మన ఇళ్ళలో చెప్పనక్కరలేదు. ఒక రాగంలోంచి ఇంకో రాగంలోకి పోతుంటే గతుకు తగలదు. బండి ఒక ఊరు దాటి ఇంకో ఊళ్ళోకి పోయినట్టు పోతుంది. ఆ సినిమానే ఆయన హిందీలో కూడా తీసి అదే వరస పెట్టారు. దాన్ని లతా మంగేష్కర్ గారితోబాటు పాడింది ఎవరనుకున్నారు? మహమ్మద్ రఫీ గారు. మన గోదావరి ఒడ్డు నాటకాల మనిషి కట్టిన వరసను రఫీ సాబ్ పాడగా దేశమంతా విన్నది.

రఫీ సాబ్ తెలుగులో కూడా పాడారు. 1964లో నాగయ్య గారి "భక్త రామదాసు"లో కబీరు పాత్రకు, 1969లో "భలే తమ్ముడు"లో రామారావు గారికి. ఆ "భలే తమ్ముడు"కు వరసలు కట్టిన టి.వి. రాజు గారు కూడా నాటకాల హార్మోనియం దగ్గర్నుంచి వచ్చినవారే. మన హార్మోనిస్టు గారు ఈ మాట చెప్పినప్పుడల్లా ఛాతీ విప్పుతారు.

నాటకం నుంచి సినిమాకు వస్తే వరస కట్టేవాడి పని ఎలా మారుతుంది? నాటకంలో పద్యం అరగంట సాగినా అడిగేవాడు లేడు. సినిమా పాట గ్రామఫోను రికార్డు మీద ఒక పక్కన పట్టాలి, మూడు మూడున్నర నిముషాలు. ఆలోపల పల్లవి జనం నోటికి పట్టాలి, కథ ఒక అడుగు ముందుకు నడవాలి, నటి మొహం మీద కెమెరా ఎప్పుడొస్తుందో ఆ చోటికి రాగం అందాలి. స్టేజీ మీద హార్మోనిస్టు ఒక్క నటుణ్ణి పట్టుకుని పోతే చాలు. సినిమాలో దర్శకుడు, కవి, గాయకుడు, ఇరవై ముప్పైమంది వాద్యగాళ్ళు – అందరినీ పట్టుకుని పోవాలి. కాని మూలసూత్రం ఒక్కటే. మాట వినపడాలి. మాటను మింగేసే సంగీతం స్టేజీ మీద ఒక్క రాత్రి కూడా నిలవదు, వెనక వరసలో రైతు "వినపడట్లేదు" అని అరుస్తాడు. ఆ అరుపు విన్నవాడు సినిమాలోనూ మాటను మింగడు.

ఆదినారాయణరావు గారి పాటలు అలాగే ఉంటాయి. 1973లో "భక్త తుకారాం" చేశారు. మరాఠీ భక్తుడి కథ, తెలుగువాళ్ళు భజనల్లో కలుపుకున్నారు. ఆ మరుసటేడే అల్లూరి. చూడండి, అదే మనిషి సలీం దర్బారు కట్టాడు, పండరీపురం కట్టాడు, చింతపల్లి అడవి కట్టాడు.

"తెలుగు వీర" పాటను ఈసారి మైకులో వేసినప్పుడు కాస్త ఆగి వినమని కోరుతున్నాం. అందులో అపురూపమైన సంగతులు, గమకాలు లేవు. కావాలనే పెట్టలేదని మా నమ్మకం. సువర్ణసుందరిలో నాలుగు రాగాలు దాటించిన మనిషికి అవి చేతకాక కాదు కదా. అది కొండ కింద నిలబడ్డ మామూలు మనుషులు, గొంతు లేనివాళ్ళు, సంగీతం రానివాళ్ళు కలిసి పాడాల్సిన పాట. ఒక్కడు ఎత్తుకుంటాడు, గుంపు అందుకుంటుంది. అడుగు పడే నడకలో ఉంటుంది. అందుకే ఐదో తరగతి పిల్లలు శృతి తప్పినా పాట తప్పదు. శ్రీశ్రీ గారి మాట మనిషిని లేవమంటుంది. లేచినవాడు నడవడానికి దారి వేసింది ఆదినారాయణరావు గారి వరస. జాతీయ బహుమతి మాటకొచ్చింది, మంచిదే. దారి వేసినవాడి పేరు మనకు గుర్తులేదు. 1991 జనవరిలో ఆయన పోయారు. అంజలీదేవి గారు 2014 జనవరిలో.

ఇంకొక్క పేరు చెప్పి మన దరఖాస్తు దగ్గరికి వస్తాము. సినిమా రావడానికి ఇరవై ఏళ్ళ ముందే అల్లూరి కథను తెర మీద పాడి చెప్పినవారు ఒకరున్నారు. 1954లో "అగ్గిరాముడు" అనే సినిమాలో ఆ బుర్రకథ ఉంది. చెప్పింది షేక్ నాజర్ గారు. గుంటూరు జిల్లా పొన్నెకల్లు మనిషి. దూదేకుల కుటుంబం. చిన్నప్పుడు నాటకాల్లో ఆడి, హార్మోనియం వాయించి, సంగీతం నేర్చి, తంబుర భుజాన వేసుకుని ఊరూరా బుర్రకథ చెప్పారు. ప్రజానాట్యమండలితో తిరిగారు. 1986లో పద్మశ్రీ వచ్చింది. ఆయన తన జీవిత కథకు పెట్టుకున్న పేరు "పింజారి". మనవాళ్ళూ పైవాళ్ళూ కూడా చిన్నచూపుతో పిలిచే మాటను ఆయన పుస్తకం మీద అచ్చు వేయించుకున్నారు. మనలో మనం ఫలానావాడు తక్కువ, ఫలానా పని తక్కువ అనుకున్నప్పుడల్లా ఆ పుస్తకం అట్ట గుర్తు తెచ్చుకోవడం మంచిది.

ఇక అసలు విషయం.

సంగీతం మన ధర్మంలో తగునా తగదా అని పెద్దలు అడిగారు. ఆ ప్రశ్నను మేము తేలిగ్గా తీసుకోవడం లేదు. ఉలేమాల్లో దీని మీద ఎప్పటినుంచో భేదాభిప్రాయాలున్నాయి. మోటారు పార్టుల షాపులు, స్కూలు మాస్టర్లు కూర్చున్న ఉపసంఘం దానిని తేల్చలేదు, తేల్చకూడదు కూడా. మౌల్వీ సాబ్ వారు ఇక్కడే ఉన్నారు. మేము చెప్పగలిగింది ఇంతే. అజాన్ సంగీతం కాదు, దానిని అందులో కలపము. కాని అజాన్ ఇవ్వడానికి హజ్రత్ బిలాల్ గారిని ఎంచుకున్నది ఆయన గొంతు చూసే కదా. మంచి గొంతూ మంచి చెవీ అల్లా ఇచ్చినవే. వాటిని ఏ దారిలో పెడతాడన్నది ఆ పిల్లవాడి బాధ్యత, వాణ్ణి మంచి దారిలో ఉంచడం మన బాధ్యత. మనం చెయ్యి వదిలేస్తే వాడు సంగీతం మానడు. మనల్ని మానతాడు. మా భయం అదే.

రెండోది, కూడు పెడుతుందా అని అడిగారు. న్యాయమైన ప్రశ్న. దాచకుండా చెబుతున్నాం, సినిమాల్లో సంగీత దర్శకుడయ్యేది వెయ్యిమందిలో ఒకడు కూడా కాదు. నాటక సమాజాలు ఇప్పుడు పండగలకూ పరిషత్తులకూ మిగిలాయి. ఇప్పుడు కీబోర్డు మీద ఒక్కడే ఇరవైమంది చేసే పని చేస్తున్నాడు, కాబట్టి వాద్యగాళ్ళకు పిలుపులు తగ్గాయి. అయితే సంగీతం నేర్చినవాడు పిల్లలకు చెప్పుకోవచ్చు, స్కూల్లో మాస్టరు కావచ్చు, రికార్డింగు పని నేర్వవచ్చు. మోటారు మెకానిక్కు కొడుకు కాబట్టి చేతి పని కూడా వస్తుంది. ఈ సంగతులన్నీ ఆ కుర్రవాణ్ణి కూర్చోబెట్టి చెప్పాము. "తెలుసండి" అన్నాడు. అంతకుమించి మాట్లాడలేదు.

ఆ విజయనగరం కళాశాల గురించి కూడా తెలుసుకోవాలి. 1919లో పెట్టారు. మొదటి ప్రిన్సిపాలు హరికథా పితామహులు ఆదిభట్ల నారాయణదాసు గారు. ఆయన పారశీకం నేర్చుకుని ఉమర్ ఖయ్యాం రుబాయీలను సంస్కృతంలోకీ తెలుగులోకీ తెచ్చినవారు. ఘంటసాల గారు చదివింది కూడా అక్కడే. ఒక బ్రాహ్మణ పండితుడు మన ఖయ్యాంను కష్టపడి నేర్చుకున్న చోటికి మన పిల్లవాడొకడు స్వరాలు నేర్వడానికి పోతానంటే, గది అద్దె దగ్గర మనం ఆపాలా అన్నది ఆలోచించండి.

మూడోది డబ్బు. ఇది ఖచ్చితంగా చెప్పాలి. జకాత్ సొమ్ములోంచి ఒక్క రూపాయి కూడా దీనికి అడగడం లేదు. జకాత్ ఎవరికి చెందుతుందో ఖురాన్ షరీఫ్‌లో సూరా తౌబా 8 పద్దులుగా చెప్పింది. కుర్రవాడు పేదవాడే కాబట్టి వస్తుందని ఒకరూ, సంగీతానికి కాబట్టి రాదని ఇంకొకరూ వాదించుకోవచ్చు. సందేహమున్న చోట ఆ పెట్టె ముట్టుకోకూడదన్న మాట మీద మా ఐదుగురికీ ఏకాభిప్రాయం కుదిరింది. మూడు సమావేశాల్లో కుదిరిన ఏకాభిప్రాయం అదొక్కటే. మామూలు చందా నిధిలోంచి కూడా అడగడం లేదు, ఎందుకంటే ఇష్టం లేనివారి చందా కూడా అందులో ఉంది.

అందుచేత మా ప్రతిపాదన ఇది. ఈ ఒక్క పనికి విడిగా ఒక చిట్టా తెరుస్తాము. ఇష్టమున్నవారు వేస్తారు, ఇష్టం లేనివారు వెయ్యనక్కరలేదు. వేశారనీ వెయ్యలేదనీ ఎవరినీ ఎవరూ అనకూడదు. మొదటి ఏడాదికి మాత్రమే ఇస్తాము. ఏడాది చివర పరీక్ష పాసై మార్కుల కాగితం తెచ్చి చూపిస్తే రెండో ఏడాది సంగతి మళ్ళీ మీ ముందు పెడతాము. నమాజు విషయంలో వాడి తండ్రి పూచీ ఉన్నారు. హార్మోనిస్టు గారు కబురు పెట్టారు – తన పాత పెట్టె పిల్లవాడికే ఇచ్చేస్తారట. దానికి కొత్త బెలోసు వేయించాలి. ఆ ఖర్చు మాలో "వరసలు కట్టడమూ ఒక పనేనా" అన్న సభ్యులే భరిస్తామన్నారు. ఎందుకు మనసు మార్చుకున్నారని మేము అడగలేదు. అంతకు ముందు రోజు రాత్రి వారింట్లో టేపులో అనార్కలి పాటలు వినపడ్డాయని పక్కింటివారు చెప్పారు.

పెద్దలు చర్చించి, మౌల్వీ సాబ్ వారి సలహా కూడా తీసుకుని, ఈ సభ ముగిసేలోగా అవునో కాదో చెప్పవలసిందిగా విన్నవించుకుంటున్నాము. కాదంటే మేము నొచ్చుకోము, ఆ మాట పిల్లవాడికి మేమే వెళ్ళి చెబుతాము. అవునంటే కళాశాలలో చేరే గడువు దగ్గర పడుతోంది, కనుక చిట్టా ఈ సాయంత్రమే మొదలు పెడతాము. పుస్తకం మా దగ్గర సిద్ధంగా ఉంది.